ఐదో ట్రాకులో దగ్గు

హెర్రింగ్ చేపలకు ఉప్పు పట్టించిన కొట్టం అది.
ముప్పై ఏళ్లుగా అందులో చేప లేదు,
వాసన మాత్రం అద్దె కట్టకుండా కాపురముంటోంది.

ఓస్లా వచ్చి అడిగింది: నాలుగు రాత్రులు ఇస్తావా, లౌరీ?
మా మొదటి ఆల్బం ఇక్కడే రికార్డు చేసుకుంటాం.
ఇక్కడెందుకు, లెర్విక్‌లో స్టూడియో లేదా అన్నాను.
ఈ గోడలు బాగా వింటాయి, అంది.
పదిహేనేళ్లు ఈ గోడల మధ్య
చేతులు పగిలి, మేస్త్రీని తిట్టుకుంటూ పనిచేశాను.
అవి వింటున్నాయని అప్పుడెవరూ చెప్పలేదు.

ఎర్లెండ్ గిటారుకి నడుము దగ్గర పగులు.
ఆల్చిప్పల పడవకు పూసే జిగురుతోనే అతికించాడు.
ఆ అతుకు వైపు నుంచే మంద్రం బాగా పలుకుతుందట.
ఏమో, నాకు పడవల సంగతే తెలుసు,
అతికిన పడవ ఎక్కువ జాగ్రత్తగా నడుస్తుంది.

ఓస్లా ఫిడేలు వాయిదాల మీద కొన్నది.
ఇంకా పదకొండు నెలల బాకీ.
కమానుకు గుగ్గిలం రుద్దేటప్పుడు
ఆ బాకీ గుర్తొస్తుందా అని అడిగాను.
వస్తుంది, అందుకే గట్టిగా రుద్దుతాను, అంది.

నాకొక కుర్చీ వేసి షరతులు చెప్పారు:
కదలకు, మాట్లాడకు,
నీ కుక్కను మాత్రం తీసుకురాకు.

మొదటి రాత్రి గాలి.
రెండో రాత్రీ గాలే. రేకుల కప్పు మీద
ఎవరో బకెట్లు దొర్లిస్తున్నట్టు.
ఇద్దరూ కోట్లు విప్పకుండా టీ తాగి ఇళ్లకు పోయారు.
మూడో రాత్రి యెల్ దీవి మొత్తం
భోజనానికి కూర్చున్నట్టు గాలి ఆగింది.

ఫిడేలు చీకట్లో నిచ్చెన ఎక్కుతోంది.
గిటారు కింద నిలబడి నిచ్చెన పట్టుకుంది.
తొందర లేదు. ఒక్కో మెట్టూ
పాదంతో తడిమి చూసుకుని ఎక్కుతోంది.
పైనెక్కడో ఆమె ఆగింది, కావాలనే, ఒక్క ఊపిరంత.
అదే క్షణాన అతనూ ఆగాడు.
ఎవరు ఎవరికి సైగ చేశారు?
ఇద్దరి కళ్లూ మూసే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడు నేను దగ్గాను.

పదిహేనేళ్ల ఉప్పు దుమ్ము ఆ దగ్గు,
ఇన్నాళ్లూ దాచిపెట్టుకుని ఆ ఒక్క సందు చూసుకుంది.
వాళ్లు కళ్లు తెరవలేదు.
నా దగ్గు గోడకు తగిలి వచ్చేదాకా ఆగి
మళ్లీ కలిసి అందుకున్నారు.

తర్వాత సిగ్గుతో బయటికెళ్లి నిలబడ్డాను.
ఇంకో అయిదు సార్లు వాయించారు. తప్పు లేదు, వంక లేదు.
తెల్లవారుజామున ఓస్లా తలుపు తీసి
లోపలికి రా, మొదటిదే ఉంచుతున్నాం, అంది.
నీ దగ్గు దాదాపు శ్రుతిలోనే ఉందన్నాడు ఎర్లెండ్.
ఆ దాదాపుకి నవ్వింది వాడొక్కడే.

మూడు వందల సీడీలు అట్టపెట్టెల్లో ఫెర్రీ దిగాయి.
అట్ట మీద నా కొట్టం తలుపు, తుప్పు గొళ్లెంతో సహా.
వెనక కృతజ్ఞతల్లో నా ఇంటిపేరులో ఒక అక్షరం పోయింది.
ఉన్ని దుకాణంలో ఓ పాతిక అమ్ముడుపోయాయి,
వానలో తడిసిన ఒక జర్మన్ సైకిలాయన రెండు కొన్నాడు.
అయిదో దాంట్లో ఆ చప్పుడేమిటని బల్ల దగ్గర
ఆండ్రీనా అడిగితే, తలుపు, అన్నాను.

ఇంట్లో సీడీ పెట్టే మిషన్ లేదు. వ్యాన్‌లో ఉంది.
రాత్రి పూట రేవు దగ్గర ఆపి, వైపర్లు ఆపేసి వింటాను.
నిచ్చెన మొదలవగానే గొంతులో గరగర.
ఈసారైనా ఆపుకుంటాడేమోనని
ఆ ముసలాడి కోసం ఊపిరి బిగపడతాను.
ఆపుకోడు.

పక్క సీట్లో నిద్రపోతున్న కుక్క తలెత్తి
ముందు స్పీకరు వైపు, తర్వాత నా వైపు
చూస్తుంది, చాలాసేపు.
తనని రానివ్వని ఆ రాత్రి
నేనెక్కడున్నానో ఇప్పుడు తెలిసినట్టు.